ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌కి ఇంకెన్నాళ్ళు కాపలా కాయాలి?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి, క్లుప్తంగా ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు ముప్ఫై ఆరేళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భర్త, ఆరేళ్ళ పాప. నాన్నగారు గుంటూరు జిల్లాలో తెలుగు మాస్టారు. రిటైరయ్యాక తమ ఊరి చరిత్ర రాసి, తెనాలిలో ఒక డీటీపీ సెంటర్‌లో ‘అను’ అనే పాతతరం తెలుగు ఫాంట్లతో టైపు చేయించారు. పుస్తకం అచ్చు కాకుండానే ఆయన పోయారు. చాలా ఏళ్ళ తర్వాత ఈమె ఆ సీడీ తెరిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు ఒక్క ముక్క కనబడలేదు. అన్నీ అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. నాన్నగారి మాటల్ని, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు కనబడే యూనికోడ్‌లోకి మార్చుకోవడానికి రాత్రుళ్ళు కూర్చుని ఒక చిన్న ప్రోగ్రామ్ రాశారు. ఎవరికైనా పనికొస్తుందని 2018లో ఎంఐటీ లైసెన్స్‌తో, కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టారు.

పనికొచ్చింది. డీటీపీ సెంటర్లు, చిన్న పత్రికలు, పాత కథలను ఈ-బుక్కులుగా తెస్తున్నవాళ్ళు, రీసెర్చ్ చేసే పిల్లలు అందరూ వాడుతున్నారు. ఒక కంపెనీ దీన్ని తమ ప్రోడక్ట్‌లో కలిపి అమ్ముకుంటోంది. ఇప్పుడు 240 ఇష్యూలు, అంటే వాడేవాళ్ళు రాసిన ఫిర్యాదులు, తెరిచి ఉన్నాయి. రాత్రి పదకొండింటికి మెసేజ్‌లు వస్తాయి. ‘హైదరాబాద్‌లో’ అన్నచోట ద కింద ల వత్తు పడుతోందని ఒకాయన, ‘తెలుగు మీద ప్రేమ ఉంటే ఇన్ని తప్పులు ఎలా వదిలేశారు’ అని నిలదీశాడట. ఆ కంపెనీ ఇంజినీరు ‘మా క్లయింట్ ఆగిపోయాడు, శుక్రవారంలోగా సరిచేయండి’ అని రాశాడు. భర్త మాత్రం ‘దీనివల్ల ఏమొస్తోంది?’ అని అడుగుతున్నారు.

ఇంతలో ఎవరో తెలియని ఒక మనిషి నాలుగు నెలలుగా మంచి ప్యాచ్‌లు, అంటే కోడ్‌కి దిద్దుబాట్లు, పంపుతున్నాడు. పూర్తి పర్మిషన్లు ఇస్తే మొత్తం తానే చూసుకుంటానంటున్నాడు. ‘మీకు టైమ్ లేకపోతే ఆయనకు ఇచ్చేయొచ్చు కదా’ అని ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళు ఒత్తిడి చేస్తున్నారు. రాజమండ్రిలో ఒక డీటీపీ ఆపరేటర్ మాత్రం ఏమీ అడగకుండా, తప్పు ఎక్కడుందో, ఒప్పు ఎలా ఉండాలో నీటుగా రాసి నెలకోసారి మెయిల్ పంపుతాడు. ఆయనకు కోడింగ్ రాదు.

‘ఆపేస్తే స్వార్థం అవుతుందా? అప్పగిస్తే బాధ్యత తీరుతుందా? డబ్బు అడగొచ్చా? రెండేళ్ళుగా నాన్నగారి పుస్తకం ముట్టుకోలేదు, ఇంకా మూడు అధ్యాయాలు మిగిలిపోయాయి’ అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘బాధ్యత’ అనే మాట అందులో పదకొండు చోట్ల ఉంది. ‘అలసట’ ఒక్కచోటే ఉంది, అదీ పాప గురించి చెబుతూ. ముందు ఆ బాధ్యత అనే మాట దగ్గరే ఆగుదాం. మిగతా ముడులన్నీ దాని చుట్టూనే పడ్డాయి.

2018లో మీరు ఏం ఇచ్చారు? మీరు పెట్టిన ఎంఐటీ లైసెన్స్ ఒకసారి తీసి చదవండి, ఒక పేజీ కూడా ఉండదు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కానీ కాపీరైట్ నోటీసు తీసేయకూడదు అని మొదట చెబుతుంది. ఇది ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నదే, దీనికి ఏ హామీ లేదు, నష్టం జరిగితే రాసినవాళ్ళది పూచీ కాదు అని తర్వాత చెబుతుంది. అంటే మీరు ఇచ్చింది కోడ్. మీ ఆదివారాలు ఇవ్వలేదు, రాత్రి పదకొండు గంటలు ఇవ్వలేదు.

ఇంగ్లిష్‌లో స్వేచ్ఛకీ, ఉచితానికీ ‘ఫ్రీ’ అని ఒకే మాట ఉండటంతో అక్కడ ఎప్పుడూ చర్చే. మనకు ఆ ఇబ్బంది లేదు. స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. మీరు జనానికి స్వేచ్ఛ ఇచ్చారు. వాళ్ళలో కొందరు దాన్ని ఉచిత సేవ అనుకున్నారు. అలా అనుకున్నది వాళ్ళు, మీరు మాట తప్పలేదు.

ఎండాకాలం సెంటర్‌లో ఎవరో చలివేంద్రం పెడతారు. దాహంతో వచ్చినవాడు తాగి, ఒక మంచి మాట చెప్పి వెళ్తాడు. పక్కన హోటల్ ఆయన బిందెలతో తోడుకుపోయి, రేపు ఇంకాస్త చల్లగా ఉండాలి అంటే ఏమంటాం? మీ విషయంలో జరుగుతున్నది ఇదే.

ఆ కంపెనీ విషయంలో మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మీ కోడ్ పెట్టి వాళ్ళు అమ్ముకోవడం అన్యాయం అని రాశారు. నోటీసు తీసేయనంతవరకు అది మీరిచ్చిన హక్కే. ఆ కోపం పెట్టుకుంటే మీకే బరువు. కానీ శుక్రవారంలోగా సరిచేయమనే హక్కు వాళ్ళకు ఏ వరుసలోనూ లేదు. ఈ రెండూ విడదీసి చూస్తే వాళ్ళకు జవాబు రాయడం తేలికవుతుంది.

అలాగని మీకు ఏ బాధ్యతా లేదని అనను. నా లెక్కలో ఒకటుంది. ప్రాజెక్ట్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో నిజం చెప్పడం. మీ ప్రోగ్రామ్ తప్పు చేస్తే ఎర్ర అక్షరాలతో ఎర్రర్ రాదు. వత్తు జారిపోతుంది, మాట మారిపోతుంది, చూసేవాళ్ళు లేకపోతే అలాగే అచ్చయిపోతుంది. ఎక్కడ తప్పు పోతుందో మీకు తెలుసు కాబట్టి, అది మొదటి పేజీలోనే రాయాలి. అంతకు మించి చేసేదంతా మీ ఇష్టం.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. కొన్నేళ్ళ క్రితం నేనూ ఒక చిన్న లైబ్రరీ (వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్) చూసుకునేవాణ్ణి. ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోలేక ఎనిమిది నెలలు దాని మొహం చూడలేదు. చూడటం లేదని ఎవరికీ చెప్పలేదు. వాళ్ళు ఎదురుచూస్తూనే ఉన్నారు, నేను మెయిల్ తెరవడానికే భయపడుతూ ఉన్నాను. పని ఆపినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. చెప్పకుండా ఆపినందుకు ఉంది.

ఇక ఆ తెలియని మనిషి గురించి. మీరు దీన్ని ఒక్క పేరాలో ముగించారు, నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే.

ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రామ్ కథ మీరు వినే ఉంటారు. ఫైళ్ళను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్, దాదాపు ప్రతి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి చూసుకున్నది ఫిన్లండ్‌కు చెందిన లాసె కొలిన్, దాదాపు ఒంటరిగా. 2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఒకరు ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. 2022లో వేరే పేర్లతో కొందరు వచ్చి, పని నెమ్మదిగా సాగుతోంది, కొత్త మెయింటెయినర్‌ని (ప్రాజెక్ట్ చూసుకునే మనిషిని) పెట్టండి అని సతాయించారు. తన పరిస్థితి అంత బాగా లేదని, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్ట్ అని కొలిన్ చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి జియా టాన్‌కి అధికారాలు వచ్చాయి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టి ఉంది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, దూరం నుంచి వేరే కంప్యూటర్లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని తవ్వుకుంటూ వెళ్ళి దాన్ని పట్టుకుని, 2024 మార్చి 29న బయటపెట్టాడు. జియా టాన్ అసలు ఎవరో ఇప్పటికీ తేలలేదు.

మీకు ప్యాచ్‌లు పంపేవాడు దొంగ అని నేను అనడం లేదు. నిజంగానే తెలుగు మీద ఇష్టమున్న కుర్రాడు కావచ్చు. నేను చూడమంటున్నది ఒత్తిడి తీరును. పని చేస్తున్నవాడు ఒకరు, అతనికి తాళాలిచ్చేయమని కొత్తగా వచ్చి అడుగుతున్నవాళ్ళు వేరొకరు. అలసిపోయిన మనిషికి ఇది వరంలా కనిపిస్తుంది.

తెలుగు అక్షరాలు మార్చే ప్రోగ్రామ్‌తో ఎవడికేం పని అనుకోవద్దు. అది పత్రికాఫీసుల కంప్యూటర్లలో నడుస్తోంది, ఒక కంపెనీ సర్వర్లలో నడుస్తోంది. ప్యాకేజీలో ఏం పెడితే అది అక్కడిదాకా వెళ్తుంది. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీని, తాను వాడటం మానేసిన రచయిత, అడిగిన ఒక తెలియని వ్యక్తికి మంచి మనసుతోనే ఇచ్చేశాడు. ఆ కొత్త వ్యక్తి దాని ద్వారా బిట్‌కాయిన్ వాలెట్లు దోచే కోడ్ పంపాడు.

మరి ఏం చేయొచ్చు? ప్యాచ్‌లు పంపనివ్వండి, చదివి కలపండి. కొన్నాళ్ళకు ఇష్యూలు సర్దే అధికారం ఇవ్వొచ్చు. కొత్త వెర్షన్ విడుదల చేసే తాళం మాత్రం మీ దగ్గరే ఉండాలి. ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడండి. ఎక్కడ పనిచేస్తారు, ఈ పని మీద ఆసక్తి ఎలా కలిగింది అని అడగండి. ఇష్టంతో వచ్చినవాడు ఏడాది ఆగమన్నా ఆగుతాడు. వీడియోలో మొహం చూపించనివాళ్ళు అందరూ చెడ్డవాళ్ళు కారు, కానీ మొహం తెలియనివాళ్ళకు ఇంటి తాళం ఇవ్వనక్కరలేదు. ఇలా చేస్తే మీ బరువు వెంటనే తగ్గదు. తొందరపడి ఇచ్చేస్తే ఆ రోజుకి తగ్గుతుంది, ఏదైనా జరిగితే మాత్రం ఆ బాధ మీ పేరు మీదే ఉంటుంది.

మీ ఉత్తరంలో అసలైన తోడు ఇంకొకరు ఉన్నారు, మీరు గమనించలేదేమో. రాజమండ్రి ఆపరేటర్. కోడింగ్ రాదని ఆయన్ని పక్కన పెట్టారు. మీ ప్రోగ్రామ్‌లో కష్టమైనది కోడింగ్ కాదు కదా. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం చూడండి. పాత ఫాంట్లో కంటికి కనిపించే ముక్కలు వరుసగా ఉంటాయి: గుడిదీర్ఘంతో సకారం, తావత్తు, రావత్తు. యూనికోడ్‌లో ఆరు కోడ్లు కావాలి, దీర్ఘం చివరికి రావాలి. ‘హైదరాబాద్‌లో’ అని రాయాలంటే ద్ తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు పెట్టాలి, లేకపోతే వత్తు పడిపోతుంది. ఎక్కడ పెట్టాలో నిర్ణయించడానికి తెలుగు తెలియాలి. ఏ ఫాంటులో ఏ కీకి ఏ ముక్క వస్తుందో వేళ్ళకు తెలిసినవాడు ఆయన. ఒక షీట్ ఇచ్చి, ఎడమవైపు పాత అక్షరాలు, కుడివైపు సరైన తెలుగు నింపమనండి. అవన్నీ టెస్టులుగా పెట్టుకోండి. మూడు వందల వరుసలు నిండితే, ఎవరు ప్యాచ్ పంపినా పాతది చెడిందో లేదో మెషీనే చెబుతుంది. ఆయన పేరు ప్రాజెక్ట్ మొదటి పేజీలో మీ పేరు పక్కన పెట్టండి.

ఇప్పుడు కొనసాగించడమా, ఆపడమా. మధ్యలో ఒక దారి ఉంది. తగ్గించుకోవడం. ఫోన్‌లో నోటిఫికేషన్లు తీసేసి, నెలలో రెండు ఆదివారాలు రెండేసి గంటలు అని పెట్టుకోండి. పాత ఫైలు ముక్క, సరైన రూపం రెండూ లేకుండా వచ్చిన ఇష్యూని చదవకుండానే మూసేస్తామని రాయండి. కొత్త ఫీచర్లు వద్దనండి. ప్రపంచమంతా ఫోన్లలో ఉన్న ఎస్‌క్యూలైట్ డేటాబేస్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, కానీ దాన్ని రాసేవాళ్ళు బయటి ప్యాచ్‌లు తీసుకోరు. అది తమ పద్ధతి అని బాహాటంగానే చెప్పారు. కోడ్ తెరిచి ఉంచడం, తలుపు తెరిచి ఉంచడం ఒకటే కాదు.

ఇలా చేస్తే కొందరికి కోపం వస్తుంది. ఒకరిద్దరు మీ కోడ్ కాపీ చేసుకుని వేరే పేరుతో నడుపుకోవచ్చు. ఫోర్క్ చేశారని నొచ్చుకోకండి, ఆ లైసెన్స్ పెట్టింది అందుకే. అది మీదానికంటే బాగుంటే, మీ పేజీ నుంచే వాళ్ళకు దారి చూపించొచ్చు.

డబ్బు సంగతి. అడగందే అమ్మైనా పెట్టదు. సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే లైబ్రరీ ఇంటర్నెట్‌లో సగం తాళాలు మోసేది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడేదాకా దానికి ఏడాదికి వచ్చిన విరాళాలు సుమారు 2,000 డాలర్లు. ఆ లోపం పెద్ద పెద్ద కంపెనీలను వణికించాకే అందరూ చేతులు కలిపి నిధులిచ్చారు. మీరు అంత ఆగనక్కరలేదు. కంపెనీకి ఇలా రాయొచ్చు: ‘మీ సమస్య చూశాను. ఇది నేను ఖాళీ సమయంలో చేసే పని, తేదీ చెప్పలేను. తేదీ కావాలంటే సపోర్ట్ ఒప్పందం గురించి మాట్లాడుకుందాం. లేదా మీ ఇంజినీరే సరిచేసి టెస్టుతో సహా ప్యాచ్ పంపితే చూస్తాను.’ ఇందులో క్షమాపణ లేదు, చూశారా. మీ పాత జవాబులన్నీ సారీతో మొదలయ్యాయి.

ఇంటర్నెట్‌లో డేటా పంపే, తెచ్చే కర్ల్ అనే ప్రోగ్రామ్ రాసిన డేనియల్ స్టెన్‌బర్గ్ ఏళ్ళ తరబడి ఖాళీ సమయంలో చేసి, 2019 నుంచి సపోర్ట్ అమ్మే కంపెనీలో చేరి అదే ఉద్యోగంగా చేస్తున్నాడు. మన దేశంలో షేర్ల బ్రోకింగ్ కంపెనీ జెరోధా 2024 అక్టోబర్‌లో, ఇలాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోసం ఫ్లాస్ ఫండ్ మొదలుపెట్టింది. ఏడాదికి పది లక్షల డాలర్లు, ఒక్కో ప్రాజెక్ట్‌కి పది వేల నుంచి లక్ష డాలర్ల దాకా ఇస్తుంది. మీ అంత చిన్న ప్రాజెక్ట్‌కి వస్తుందని ఆశ పెట్టను, అప్లై చేయడంలో తప్పు లేదు. వాడేవాళ్ళు విరాళాలిచ్చే గిట్‌హబ్ స్పాన్సర్స్ లాంటివి ఖర్చులకు కాస్త ఆసరా అవుతాయేమో, జీతంలా మాత్రం అనుకోవద్దు.

డబ్బు తీసుకుంటే తేదీ కూడా తీసుకున్నట్టే. అప్పుడు ‘శుక్రవారంలోగా’ అనే హక్కు వాళ్ళకు నిజంగా వస్తుంది. అది మీకు రెండో ఉద్యోగం. పాప చదువు, మీ నిద్ర లెక్కేసుకుని ఎంత తీసుకుంటే గిట్టుబాటు అవుతుందో ముందే అనుకోండి. ఇంకో మాట, మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూడండి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కు యజమానిది. మీరు రాసింది మీ ఇంట్లో, మీ లాప్‌టాప్‌లో, ఉద్యోగానికి సంబంధం లేని పని. అయినా కొన్ని కంపెనీల ఒప్పందాలు ఇంకా దూరం వెళ్తాయి, బయటి ఆదాయం వద్దంటాయి. రూపాయి తీసుకునే ముందు హెచ్ఆర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి. ఒప్పందంలో అనుమానం ఉంటే లాయర్‌కి ఒక గంట ఫీజు ఇచ్చి చూపించడం మంచిది.

ఇక పూర్తిగా ఆపేయడం. ఇది స్వార్థమా అని అడిగారు. కాదు. మూడు నెలల ముందు మొదటి పేజీలో తేదీ రాయండి, తెలిసిన లోపాలు రాయండి, తర్వాత ఆర్కైవ్ చేయండి, అంటే చూడటానికి మాత్రమే ఉంచండి. కోడ్ ఎక్కడికీ పోదు. ఎవరైనా కాపీ తీసుకుని ముందుకు తీసుకెళ్ళొచ్చు. కొన్ని పత్రికలు ఇబ్బంది పడతాయి, అది నిజం. కొందరు తిడతారు, అదీ నిజం. నెలకు రెండు ఆదివారాలు కూడా మీ దగ్గర లేకపోతే, ఇదే మర్యాదైన దారి. ఉన్నాయనుకుంటే, ఆరు నెలలు తగ్గించుకుని నడిపి, ఆపరేటర్ గారి షీట్ నిండాక మళ్ళీ ఆలోచించమంటాను. నేనైతే అదే చేస్తాను, కానీ మీ ఇంట్లో గంటలు ఎలా గడుస్తాయో నాకు తెలియదు. ఏదైనా సరే, ఎవరో తిట్టిన రాత్రి మాత్రం నిర్ణయించుకోకండి.

మీ వారి మాట కూడా ఇంకోసారి వినండి. ‘దీనివల్ల ఏమొస్తోంది’ అన్నది మీకు రూపాయల లెక్కలా వినిపించింది. రాత్రి పదకొండింటికి ఫోన్ చూసి మీ మొహం మారడం రోజూ చూసే మనిషి ఆ మాట వేరే అర్థంతో అని ఉండొచ్చు. ఆయన్నే అడగండి. ఈ ప్రోగ్రామ్ ఎందుకు మొదలుపెట్టారో, ఆ సీడీ కథ ఆయనకు పూర్తిగా తెలుసా? మీ ఉత్తరాన్ని బట్టి తెలియదేమో అనిపించింది.

ఆ మూడు అధ్యాయాల సంగతి. 240 ఇష్యూల్లో ఏది ముందు చూడాలని నన్ను అడిగారు. ఇవేవీ వద్దు. వచ్చే ఆదివారం నాన్నగారి ఫైలు తెరిచి, మిగిలిన మొదటి అధ్యాయాన్ని మీ ప్రోగ్రామ్‌లోనే మార్చండి. పాపను పక్కన కూర్చోబెట్టుకుని, తాతగారి ఊరి పేరు స్క్రీన్ మీద సరిగ్గా వస్తోందో లేదో చూడమనండి. ఎక్కడైనా వత్తు జారిందని తను చూపిస్తే, దాన్ని 241వ ఇష్యూగా రాసి, ముందు అదే సరిచేయండి.